వాన ఆగుతుందా అని నన్నడిగిన ఏడాది

నేను ఒక గుండ్రటి ఇత్తడి డబ్బాను. ముందువైపు గాజు, గాజు వెనక ఒక ముల్లు, ముల్లు చుట్టూ అంకెలు. గాలి బరువెంతో చెప్పడం నా పని. తయారుచేసినవాళ్లు నాకు పెట్టిన పేరు బారోమీటరు. నేను ఎక్కువకాలం బతికిన చోట మాత్రం ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. గాలి గడియారం అన్నారు. పేరు బాగానే ఉంది. కానీ ఆ పేరు పెట్టినవాళ్లంతా నన్ను అడిగింది ఒకే ప్రశ్న, దానికి జవాబు నా దగ్గర ఎప్పుడూ లేదు. రేపు ఏమవుతుందని అడిగేవాళ్లు. నాకు తెలిసింది ఈ గంటలో ఉన్న గాలి సంగతి. మిగతాది వాళ్లే నా ముఖంలో చదువుకునేవాళ్లు. అలా నలభై ఏళ్లు చదివించుకుని అలిసిపోయాను.

మద్రాసులో వడివేలు అనే పనివాడు నన్ను బిగించాడు. నా లోపల పల్చటి రేకుతో చేసిన ఒక చిన్న డబ్బీ ఉంది. అందులోని గాలంతా లాగేసి మూత అతికించాడు. బయట గాలి బరువు పెరిగితే అది నొక్కుకుంటుంది, తగ్గితే కాస్త ఉబ్బుతుంది. ఆ కదలికను ఒక స్ప్రింగూ ఒక సన్నటి గొలుసూ ముల్లుదాకా మోసుకొస్తాయి. నా తెలివంతా అంతే. కానీ అంకెలతో ఊరుకోకుండా, ఏదో చలిదేశపు నమూనా చూసి, నా ముఖం మీద ఇంగ్లీషులో తుఫాను, వాన, మార్పు, తెరిపి, బాగా పొడి అని కూడా చెక్కారు. మొదట ఆ మాటలు రాసినవాడు మన ఎండలో ఒక్క మధ్యాహ్నమైనా నిలబడి ఉండడు. నాకు వచ్చిన పేరూ, నా వల్ల జరిగిన చెరుపూ రెండూ ఆ మాటల వల్లే.

ముందు నన్ను ఒక చిన్న రేవు ఆఫీసు కొన్నది. అక్కడి అధికారి రోజూ పొద్దున నన్ను శ్రద్ధగా చూసేవాడు. చూసి, నేను ఏం చూపించినా గొడుగు పట్టుకునే బయల్దేరేవాడు. ఆయనంత తెలివైన యజమాని నాకు మళ్లీ దొరకలేదు. రేవుకి ఓడలు రావడం మానేశాక సామానంతా వేలం వేశారు. ప్రకాశం జిల్లా తీరాన పెదదిన్నె అనే ఊళ్లో ఉప్పు కొఠారు నడిపేవాళ్లు ఒక పెద్ద త్రాసు కోసం వచ్చారు. త్రాసుతో పాటు నన్నూ అంటగడితే కాదనలేక తీసుకుపోయారు.

కొఠారు ఆఫీసు వరండాలో, పడమటి గోడకి నన్ను తగిలించారు. నా ఎదురుగా కనుచూపు మేరా ఉప్పుమడులు. కాలవ నుంచి ఉప్పునీరు మడుల్లోకి పెడతారు. ఎండకి నీరు చిక్కబడుతుంది, అడుగున ఉప్పు పేరుకుంటుంది. దాన్ని పొడుగాటి చెక్కపారలతో లాగి గట్టు మీద కుప్ప పోస్తారు. మాఘమాసంలో మడులు బాగుచేయడం మొదలుపెడితే ఉగాదికి తొలి ఉప్పు తెల్లబారుతుంది, తొలకరి దాకా ఇదే పని. దీనికి కావలసినవి కాళ్లలో సత్తువ, పైన ఎండ. నలభై కుటుంబాలు ఆ రెంటినీ నమ్ముకుని బతికేవి.

కొఠారు గుమస్తా పేరు అచ్యుతరామయ్య. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ముందు చిన్న దగ్గు వచ్చేది, ఆ తర్వాత మాట వచ్చేది. రోజుకి రెండుసార్లు, పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ, గాజు మీద వేలితో రెండు దెబ్బలు తట్టి, నా అంకె పుస్తకంలో రాసుకునేవాడు. కొన్నాళ్లకే ఆయన ఒక విషయం కనిపెట్టాడు. మా తీరంలో వాన ఉన్నా లేకపోయినా నా ముల్లు రోజూ పదింటికి కొంచెం పైకి లేస్తుంది, నాలుగింటికి కొంచెం కిందికి దిగుతుంది. అది గాలికి ఉన్న రోజువారీ అలవాటు. ఈ సంగతి తెలియనివాళ్లు మాత్రం పొద్దున వచ్చి చూస్తే సంతోషంగా వెళ్లేవాళ్లు, సాయంత్రం వచ్చి చూస్తే ముఖం వేలాడేసుకుని వెళ్లేవాళ్లు. అచ్యుతరామయ్య ఇద్దరికీ విడమరిచి చెప్పేవాడు. ఇద్దరూ తలూపి, ఎవరు చూసింది వాళ్లు నమ్ముకునేవాళ్లు.

ఒక కార్తీకమాసంలో నా ముల్లు రెండు రోజుల పాటు ఆగకుండా కిందికి జారింది. నాలుగింటికి దిగింది పదింటికి లేవలేదు. ఆకాశం అప్పటికి శుభ్రంగానే ఉంది. అచ్యుతరామయ్య కండువా భుజాన వేసుకుని గుడిసె గుడిసెకీ తిరిగి, అందర్నీ రాతిగోడల బడిలోకి చేర్చాడు. కొందరు నవ్వుతూ వచ్చారు, కొందరు తిట్టుకుంటూ వచ్చారు. రాత్రి తుఫాను కొట్టి, మర్నాటికి గుడిసెల్లో ఒక్కదానికీ కప్పు మిగల్లేదు. మనుషులు మాత్రం అందరూ మిగిలారు.

నేను చేసిన మంచిపని అదొక్కటే. దాని బరువు ఆయన మీద పడింది. ఆనాటి నుంచి పెదదిన్నెలో గాలి గడియారానికి తెలియనిది లేదు, దాన్ని చదవగలిగిన అచ్యుతరామయ్యకి తెలియనిది అసలే లేదు.

ఆ తర్వాత మూడో ఏట వానల వేసవి వచ్చింది.

ఉగాది వెళ్లిన నాలుగో నాడు మొదటి వాన పడింది. మూడో జామున పడమట నల్లటి మబ్బు లేచి, దుమ్ము లేపి, అరగంట కురిసి పోయింది. మడుల్లో ఉప్పు అప్పుడప్పుడే తెల్లబారుతోంది, కరిగిపోయింది. వేసవిలో ఒక వాన మామూలేనన్నారు. నీళ్లు తోడిపోసి, మడి అడుగు మళ్లీ గట్టిపడేలా కాళ్లతో తొక్కి, కొత్తగా ఉప్పునీరు పెట్టారు. ఈ తొక్కడం తేలికైన పని కాదు. ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి, అడుగులో అడుగు వేసుకుంటూ, బంకమట్టిని నాలుగైదు రోజులు తొక్కాలి. తొమ్మిదో రోజున మళ్లీ వాన వచ్చింది. మళ్లీ తొక్కారు. ఆ తర్వాత ఇంకోటి. వైశాఖం సగానికి వచ్చేసరికి అయిదు వానలు పడ్డాయి. ఒక్క మడిలో ఒక్కసారి కూడా ఉప్పు లాగలేదు.

వాన ఇంకా ఉందా, అయిపోయిందా? ఆ నెలంతా పెదదిన్నెలో వేరే మాట లేదు. పురోహితుడు పంచాంగం చూసి ఈ ఏడు మేఘాధిపతి ఎవరో చెప్పాడు గానీ ఆ అధిపతి ఉద్దేశం ఏమిటో చెప్పలేకపోయాడు. రేడియో రోజూ కోస్తాలో అక్కడక్కడ జల్లులు పడవచ్చునంది. ఆ అక్కడక్కడలో మనమున్నామా లేదా అని ఒక ముసలాయన రేడియోనే అడిగాడు. చివరికి అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. పొద్దున పది కాకముందే వరండా నిండిపోయేది. నా మీదికి వంగిన ముఖాలు, గాజు మీద ఊపిరి ఆవిరి, ఉప్పుకి పగిలిన వేళ్లు. అంతమంది అంత నమ్మకంగా చూస్తుంటే ముల్లుని ఎటో ఒకవైపు కదిలిద్దామా అనిపించేది.

అప్పుడే ఇటుక బట్టీ మేస్త్రి వచ్చాడు. కృష్ణకి అవతల, నల్గొండ వైపు బట్టీలకి మనుషులు కావాలనీ, సోమవారం లారీ వస్తుందనీ, రాదలుచుకున్నవాళ్లు పేర్లివ్వాలనీ చెప్పాడు. వెళ్తే రెండు నెలలు కూలి గ్యారంటీ. కానీ మడి పట్టాకి ఒక నియమం ఉంది. ఒక సీజనంతా మడిలో ఉప్పు తీయకపోతే ఆ మడిని వచ్చే ఏడు వేరేవాళ్ల పేరున రాస్తారు. వాన ఆగేట్టయితే ఉండాలి, ఆగనట్టయితే వెళ్లాలి.

తిరుపాలమ్మదీ, ఆమె మొగుడు మాలకొండయ్యదీ ఆఫీసుకి దగ్గరి మడి. వాళ్ల మాటలు నాకు వినపడేవి. మాలకొండయ్య అప్పటికే మేస్త్రికి ఇద్దరి పేర్లూ ఇచ్చేశాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ మడికి గట్టు పోసింది ఆయన తండ్రి. ఆమె కాపరానికి వచ్చిన నాటి నుంచి తొక్కుతున్న మడి అది. దాన్ని వదిలేసి ఎవరిదో మట్టి పిసకడానికి పోనంది. ఎన్నిసార్లని తొక్కుతావని ఆయన అడిగాడు. రెండు రోజులు అలా వాదించుకుని, శనివారం పొద్దున ఇద్దరూ వరండా ఎక్కారు.

"అయ్యగారూ, నాకు పంచాంగం వొద్దు, రేడియో వొద్దు," అంది తిరుపాలమ్మ. "గాలి గడియారం ఏమంటందో చెప్పండి. ఈ వాన ఇంకా ఉందా? ఉందంటే సోమారం లారీ ఎక్కుతాం. లేదంటే మడి తొక్కుకుంటాం."

అచ్యుతరామయ్య దగ్గాడు. నా ముల్లు ఆరు రోజులుగా పెద్దగా కదల్లేదు, తెరిపి అనే మాట పక్కనే నిలబడి ఉంది. ఇది గాలి బరువు చెప్పే యంత్రమనీ, సముద్రంలో తుఫాను లేస్తే ముందే చెబుతుందనీ, పడమట నుంచి లేచే ఈ ఎండ మబ్బుల సంగతి దీనికి అంతగా తెలియదనీ ఆయన ఓపిగ్గా చెప్పాడు. నిజం చెప్పాడు. ఆ అయిదు వానల్లో ఒక్కటి కూడా నాకు ముందు తెలియలేదు.

తిరుపాలమ్మ అంతా విని, "దానికి తెలవకపోతే మీకు తెలుసు గదా," అంది.

ఆయన చాలాసేపు మడుల వైపు చూశాడు. ఆమె కాళ్లు చూశాడు. చివరికి, "అయిపోయినట్టే ఉంది," అన్నాడు.

'నట్టే' అన్న ముక్క ఎవరి చెవినీ పడలేదు. వాళ్లు మెట్లు దిగేసరికే అది 'అయిపోయింది' అయింది. మధ్యాహ్నానికి ఊళ్లో, ఇక చుక్క రాలదని గుమస్తా గారు తేల్చేశారని చెప్పుకున్నారు. మేస్త్రికి పేర్లిచ్చిన పదకొండు కుటుంబాల్లో ఏడు వెనక్కి తగ్గాయి. ఆ సాయంత్రం అచ్యుతరామయ్య నా ముందుకి మూడుసార్లు వచ్చాడు. ఒక్కసారీ పుస్తకం తెరవలేదు.

సోమవారం లారీ ఆఫీసు ముందే ఆగింది. మాలకొండయ్య దుప్పటి మూట భుజాన పెట్టుకుని వచ్చాడు, తిరుపాలమ్మ వెనకాలే వచ్చింది. ఆమె మొహం గంటు పెట్టుకుని ఉంది.

"నువ్వుండు, నే పోతా," అన్నాడాయన. "ఇద్దరం ఒకే మాట నమ్మితే ఇద్దరం మునుగుతాం."

ఆమె చెంగు ముడి విప్పి పొగాకు తుంట ఆయన చేతిలో పెట్టింది. లారీ కదిలాక ఒక్క నిమిషం కూడా అక్కడ నిలబడకుండా మడిలోకి దిగింది.

తర్వాత పదకొండు రోజులు ఎండ కాసింది. మంచి ఎండ. మడులు తెల్లబారాయి. మధ్యాహ్నం పూట చూస్తే నాకే కళ్లు చెదిరేవి. జనం వరండాకి రావడం తగ్గించారు, వచ్చినవాళ్లు అచ్యుతరామయ్యకి దండం పెట్టిపోయారు. దండం పెట్టినప్పుడల్లా ఆయనకి దగ్గు వచ్చేది. పన్నెండో రోజు పొద్దున తిరుపాలమ్మ మడిలో చెయ్యి పెట్టి చూసి, ఎల్లుండి లాగొచ్చునంది.

ఆ మధ్యాహ్నం మూడున్నరకి పడమట మబ్బు లేచింది. అచ్యుతరామయ్య పరుగున వచ్చి నా గాజు తట్టాడు. ఆ వేళకి ఎక్కడుండాలో నా ముల్లు సరిగ్గా అక్కడే ఉంది. ఆయన దానివైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. పావుగంటలో వాన మొదలైంది. పెద్ద వాన కూడా కాదు. చెక్కపారలు పట్టుకుని మడుల్లోకి పరిగెత్తినవాళ్లు కాస్త మడ్డి ఉప్పు గట్టు మీదికి లాగారు. అది వాళ్ల కళ్ల ముందే గట్టు మీద నుంచి మళ్లీ మడిలోకి కారిపోయింది. తర్వాత అందరూ పారలు దించి అలాగే వానలో నిలబడ్డారు. ఆయన వరండాలో నిలబడి చూశాడు. నాలుగు గంటలు కొట్టింది. అలవాటు ప్రకారం నా అంకె రాశాడు. 

మర్నాడు వరండాకి ఎవరూ రాలేదు. ఆయన పదింటి దాకా కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, గట్టు వెంబడి తిరుపాలమ్మ మడి దగ్గరికి నడిచాడు. ఆమె ఒక్కతే నీళ్లు తోడిపోస్తోంది. గాలి ఇటే వీస్తోంది కాబట్టి వాళ్ల మాటలు నాకు చేరాయి.

"నా మాట విని ఉండిపోయావు తిరుపాలమ్మా."

ఆమె పని ఆపలేదు. "మీ మాట యినలేదయ్యగారూ. నాకు ఉండాలనుంది. ఉండమని చెప్పేవాళ్ల కాడికి వొచ్చా."

ఆయన మడిలోకి దిగాడు. ఆమె వద్దంది. ఆయన వినిపించుకోలేదు. యాభై ఆరేళ్ల మనిషి, కుర్చీకి అలవాటుపడిన కాళ్లు. ఆమె వెనకాలే అడుగులో అడుగు వేస్తూ మధ్యాహ్నం దాకా తొక్కాడు. పాదాలు కోసుకుపోయి ఉప్పు మండుతుంటే మొహం తిప్పుకునేవాడు. సాయంత్రానికి చుట్టుపక్కల మడుల్లోనూ మనుషులు కనిపించారు.

నీళ్లు తాగడానికి గట్టెక్కినప్పుడు తిరుపాలమ్మ అడిగింది, ఇంకా వానుందా అని.

"నాకు తెలియదు," అన్నాడాయన.

"ఆ మాట మొన్ననే అనుంటే పొయ్యేదిగా."

"అంటే వినేదానివా?"

 "యినేదాన్ని కాదు," అంది. ఇద్దరూ మళ్లీ మడిలోకి దిగారు.

ఆయన అయిదు రోజులు తొక్కాడు. రోజూ పదింటికీ నాలుగింటికీ బురద కాళ్లతో వచ్చి నా అంకె రాసుకుని వెళ్లేవాడు. నాలుగో నాడు సన్నటి తుంపర పడింది. అందరూ ఆగి పైకి చూశారు. అది మడి తడిపేలోపే పోయింది. తర్వాత రోహిణి కార్తె వచ్చింది, ఎండ నిప్పులు చెరిగింది. వాన ఎందుకు ఆగిందో నాకు తెలియదు. అన్నాళ్లు ఎందుకు పడిందో కూడా తెలియలేదు గదా.

జ్యేష్ఠంలో ఉప్పు లాగారు. లాగుతున్న రోజునే మాలకొండయ్య తిరిగొచ్చాడు, నెలన్నా కాకముందే. చిక్కిపోయి, నల్లబడి ఉన్నాడు. బట్టీ దగ్గరా ఇదే వాన పడిందట. ఆరబెట్టిన పచ్చి ఇటుకలు వరసలకు వరసలు కరిగిపోయాయట. పని లేదని పంపేశారు.

"నీ ఉప్పు కరిగితే ఉప్పునీరన్నా మిగులుద్ది," అన్నాడు పెళ్లాంతో. "నా ఇటికరాయి కరిగితే బురదే."

ఆమె రెండో పార చూపించింది. మూట గట్టు మీద పెట్టి ఆయన పార అందుకున్నాడు. ఆ ఏడు వాళ్ల కుప్ప మామూలు కుప్పలో సగం కూడా లేదు, రంగు కూడా మట్టి రంగు. తాటాకు కప్పిన మూడో నాడు తొలకరి వచ్చేసింది. కానీ మడిలో ఉప్పు తీశారు కాబట్టి పట్టా వాళ్ల పేరునే ఉంది. లారీ ఎక్కిన మిగతా మూడు కుటుంబాల మడులు పేర్లు మారాయి. ఆ పేర్లు పుస్తకంలో మార్చి రాసింది అచ్యుతరామయ్యే. 

తర్వాత ఆయన ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఇది గాలి బరువు మాత్రమే చెప్పును' అని రాసి నా కింద అంటించాడు. చదువు రానివాళ్లు అదేమిటని ఆయన్నే అడిగారు. చదువు వచ్చినవాళ్లు చదివి, సరే, ఇంతకీ వానుందా అన్నారు. రిటైరయ్యే దాకా ఆయన ప్రతి ఒక్కరికీ తెలియదనే చెప్పాడు. అలా చెప్పడం వల్ల ఆయన మీద గౌరవం కొంచెం తగ్గింది, దగ్గు కూడా తగ్గింది.

ఆయన వెళ్లాక నన్ను చూసి రాసుకునేవాళ్లు లేకపోయారు. టీవీలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. జనం వాటిని అడగడం మొదలుపెట్టారు, అవి నాకంటే ధైర్యంగా జవాబులు చెప్పాయి. మడుల్లో సగం రొయ్యల చెరువులయ్యాయి. ఒక ఏడు నా లోపలి డబ్బీకి సన్నటి చీలిక వచ్చి గాలి దూరింది. ముల్లు కూలబడింది. అది గమనించినవాళ్లు లేరు. వరండా కూలగొట్టినప్పుడు తలుపులతో, కిటికీ ఊచలతో కలిపి నన్ను చీరాల పాత సామాన్ల దుకాణానికి పంపేశారు.

ఇప్పుడు అక్కడే ఉన్నాను, ఇనుప తుక్కు మీద వెల్లకిలా. దుకాణం మౌలాలిది. ఆయనా, ఆయన భార్య హుసేన్‌బీ కలిసి నడుపుతారు. రేపో ఎల్లుండో నా ఇత్తడి వేరుచేసి కరగబెట్టడానికి పంపుతారు. దానికి నేనేమీ బాధపడటం లేదు.

నిన్న మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆరుబయట అట్టపెట్టెల గుట్ట ఉంది. తడిస్తే ఎవరూ కొనరు. కప్పుదామా అని హుసేన్‌బీ అడిగింది. మౌలాలి తలెత్తి చూసి, రాదులే అన్నాడు. ఆమె ప్లాస్టిక్ పట్టా తెచ్చి గుట్ట మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. వాన రాలేదు. సాయంత్రం రాళ్లు తీసి, పట్టా దులిపి మడతపెట్టింది. రాదన్నానుగా అని ఆయన దెప్పలేదు.

ఈ మధ్యాహ్నం మళ్లీ మబ్బేసింది. ఈసారి ఆమె ఎవర్నీ అడగలేదు. పట్టా ఒక కొస పట్టుకుని లాగుతుంటే, మౌలాలి లేచి వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు.